ఇంట్లో ఆడియో సిస్టమ్‌కు గట్టి ర్యాక్: ఏది ఎవరికి సరిపోతుంది

యాంప్లిఫయర్ ఎంచుకోవడానికి నెలల తరబడి ఆరా తీసేవారు కూడా దాన్ని దేని మీద పెట్టాలన్న ప్రశ్న వచ్చేసరికి హాల్లో ఉన్న టీవీ యూనిట్‌తో సరిపెట్టుకుంటారు. కొన్నాళ్లకు అర మధ్యలో కుంగుతుంది. కింది తలుపు మూసేటప్పుడు రాసుకుంటుంది. యాంప్లిఫయర్ చెయ్యి పెట్టలేనంతగా వేడెక్కుతుంది. పక్కనుంచి పిల్లలు పరుగెత్తితే టర్న్‌టేబుల్ (రికార్డులు తిప్పి వినిపించే పరికరం) సూది ఎగురుతుంది. ఈ ఇబ్బందులు ఒక్కొక్కదానికీ కారణం వేరు, విరుగుడూ వేరు. అందుకే మంచి ర్యాక్ ఏదని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఒక్కటే: మీ దగ్గర టర్న్‌టేబుల్ ఉందా, లేదా?

లేకపోతే పని తేలిక. యాంప్లిఫయర్, సీడీ ప్లేయర్, ఇంటర్నెట్ నుంచి పాటలు వినిపించే స్ట్రీమర్ వంటివి ఏ చెక్క మీద ఉన్నాయన్నదాన్ని బట్టి వాటి పలుకు మారిపోతుందని నేను నమ్మను. వాల్వులు అనే గాజు గొట్టాలతో పనిచేసే యాంప్లిఫయర్లలో కొన్ని వాల్వులను వేలితో తడితే స్పీకర్‌లో టింగుమని వినిపించే మాట నిజమే. దానికి కదలని అర ఉంటే చాలు, ఖరీదైన దిమ్మెలు అక్కర్లేదు. టర్న్‌టేబుల్ లేని ఇంట్లో ర్యాక్ చేయాల్సిన పనులు మూడు: బరువు మోయాలి, గాలి ఆడనివ్వాలి, వెనుక తీగలకు చోటివ్వాలి. శబ్దాన్ని బాగుచేస్తుందని చెప్పే ర్యాక్‌కు పెట్టే డబ్బు స్పీకర్లకు పెట్టండి.

టర్న్‌టేబుల్ ఉంటే మాత్రం లెక్క మారుతుంది. రికార్డు గాడిలో సంగీతం మైక్రాన్లలో కొలిచే వంకరల రూపంలో ఉంటుంది. సూదికి సంగీతం ఏదో, నేల నుంచి వచ్చిన కుదుపు ఏదో తెలియదు, కదిలిన ప్రతిదాన్నీ విద్యుత్తుగా మార్చి పంపుతుంది. పైగా టోన్‌ఆర్మ్ (రికార్డు మీదకు చాచిన చెయ్యి), దాని కొసన సూది ఉండే కార్ట్రిడ్జ్ కలిసి సాధారణంగా 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య తమకు తాముగా ఊగే స్వభావంతో ఉంటాయి. మనిషి నడక వల్ల, ఊగే ర్యాక్ వల్ల పుట్టే కదలికలు దానికి దగ్గరలోనే ఉంటాయి. కాబట్టి ఇక్కడ ర్యాక్ కూడా వినే పరికరంలో భాగమే.

ముందు నేల చూడండి

ర్యాక్‌ల గురించి చదివే సలహాల్లో చాలావరకు ఇంగ్లండ్, అమెరికా ఇళ్ల అనుభవం నుంచి పుట్టినవి. అక్కడ నేల అంటే తరచుగా దూలాల మీద పరచిన చెక్క. అడుగు వేస్తే గది అంతా కొద్దిగా ఊగుతుంది. కాళ్లకు మొనదేలిన స్పైకులు బిగించి తివాచీని దాటి చెక్కలో దిగేలా చేయడం, టర్న్‌టేబుల్‌ను గోడకు బిగించడం వంటి పద్ధతులు అలా వచ్చాయి. హైదరాబాద్‌లోనో గుంటూరులోనో కాంక్రీటు శ్లాబు మీద టైల్స్ పరచిన ఇంట్లో పరిస్థితి వేరు. శ్లాబు బిగువుగా ఉంటుంది, నడక వల్ల సూది ఎగరడం అరుదు. ఎగిరితే తప్పు ఎక్కువగా ర్యాక్‌దే. ఇక్కడ స్పైకులు టైల్స్‌కు గీతలు పెట్టడం, ఒక కాలు గాలిలో ఉండిపోవడం తప్ప చేసే మేలు లేదు. కాళ్ల కింద ఎత్తు సవరించుకునే మరలు, వాటికి గట్టి రబ్బరు అడుగులు ఉంటే సరిపోతుంది.

డల్లాస్, న్యూజెర్సీ వంటి చోట్ల చెక్క ఇళ్లలో ఉంటున్న తెలుగువారికి మాత్రం ఆ సలహాలు అక్షరాలా వర్తిస్తాయి. పై అంతస్తులో ఉంటే మరీనూ. వారికి గోడ బ్రాకెట్ మొదటి ఎంపిక కావాలి. అయితే అక్కడి గోడ పైపొర అర అంగుళం జిప్సం బోర్డే. లోపలి చెక్క నిలువులు సాధారణంగా 16 అంగుళాలకు ఒకటి చొప్పున ఉంటాయి. మరలు ఆ నిలువుల్లో దిగాలి తప్ప ఉత్త బోర్డులో కాదు.

కుంగే అర, ఊగే కాళ్లు

గట్టి ర్యాక్ అనగానే అందరూ మందపాటి చెక్క చూస్తారు. చూడాల్సింది మందం ఒక్కటే కాదు, పొడవు కూడా. రెండు చివర్లా ఆనిన అర మధ్యలో ఎంత వంగుతుందనేది పొడవు ఘనాన్ని బట్టి పెరుగుతుంది, మందం ఘనాన్ని బట్టి తగ్గుతుంది. 90 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల లోతు, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన పలక) అర తీసుకోండి. 20 కిలోల బరువు సరిగ్గా మధ్యలో పడిందనుకుంటే అది సుమారు 5 మిల్లీమీటర్లు వంగుతుంది. పొడవును 60 సెంటీమీటర్లకు తగ్గిస్తే అదే చెక్క, అదే బరువుకు వంపు ఒకటిన్నర మిల్లీమీటర్లే. పొడవు తగ్గించకుండా మందాన్ని 25 మిల్లీమీటర్లకు పెంచినా దాదాపు 2 మిల్లీమీటర్లకు దిగుతుంది. ఇది మొదటి రోజు లెక్క. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు బరువు కింద ఏళ్ల తరబడి ఉంటే మెల్లగా ఇంకా కుంగుతాయి, బరువు తీసేసినా పూర్తిగా వెనక్కి రావు. టీవీ యూనిట్ కింది తలుపు రాసుకోవడానికి ఇదే కారణం, కీలు వదులై కాదు.

అందుకే పొడవాటి అర ఉన్న అందమైన యూనిట్ కంటే పొట్టి అరల ర్యాక్ ఎప్పుడూ మేలు. సాధారణ యాంప్లిఫయర్లు, సీడీ ప్లేయర్లు 43, 44 సెంటీమీటర్ల వెడల్పు ఉంటాయి. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 టర్న్‌టేబుల్ 45 సెంటీమీటర్లకు కొంచెం పైన. కాబట్టి లోపలి వెడల్పు 55 నుంచి 60 సెంటీమీటర్లు ఉంటే అన్నీ పడతాయి. లోతు విషయంలో పిసినారితనం వద్దు. హోమ్ థియేటర్ రిసీవర్లు చాలావరకు 35 నుంచి 40 సెంటీమీటర్ల లోతు ఉంటాయి, వెనుక హెచ్‌డీఎంఐ, స్పీకర్ తీగలు వంగడానికి ఇంకో 6, 7 సెంటీమీటర్లు కావాలి. 45 సెంటీమీటర్ల లోతు లేని ర్యాక్‌లో రిసీవర్ ముందు కాళ్లు అంచు మీదకు వచ్చేస్తాయి.

ఊగడం వేరే జబ్బు. నాలుగు కాళ్లు, నాలుగు అరలు మాత్రమే ఉన్న చట్రం ఎంత మందపాటి సరుకుతో చేసినా పక్కకు తోస్తే సమాంతర చతుర్భుజంలా వాలుతుంది. దాన్ని ఆపేవి వెనుక బిగించిన పలక, ఏటవాలు కమ్మీ, మూలల్లో త్రికోణపు ముక్కలు లేదా పూర్తి వెల్డింగ్ అతుకులు. దుకాణంలో ర్యాక్ పై అంచున అరచేయి పెట్టి పక్కకు, తర్వాత ముందుకూ వెనక్కూ మెల్లగా తోసి వదలండి. వదిలాక కూడా ఊగుతుంటే అది టర్న్‌టేబుల్‌కు పనికిరాదు. అక్కడ ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. నాలుగున్నర అడుగుల ర్యాక్ కంటే రెండున్నర అడుగుల ర్యాక్ చాలా తక్కువ ఊగుతుంది. పరికరాలు ఎక్కువైతే ఒక పొడుగాటి ర్యాక్ కొనకండి, పక్కపక్కన రెండు పొట్టివి పెట్టండి.

దుకాణంలో దొరికేవి

రెడీమేడ్ టీవీ యూనిట్లలో ఎక్కువ భాగం పార్టికల్ బోర్డువే. సౌండ్‌బార్‌కు, చిన్న యాంప్లిఫయర్‌కు సరిపోతాయి. మన ఇళ్లలో వాటికి పెద్ద శత్రువు రోజూ తడిగుడ్డతో తుడిచే నేల. అడుగు అంచుకు అంటించిన పట్టీ ఎక్కడో లేచిందంటే నీళ్లు లోపలికి పీల్చుకుని చెక్క పొట్టులా ఉబ్బుతుంది. ఒకసారి ఉబ్బితే మరల్లో పట్టు ఉండదు. కొనాల్సి వస్తే నేలకు కనీసం 8, 10 సెంటీమీటర్ల ఎత్తున లోహపు కాళ్లున్నది చూడండి. ఫ్లాట్లలో ఇంటీరియర్ పనితో పాటు గోడకు వేలాడదీసే పెట్టెల్లాంటి యూనిట్లు చేయిస్తున్నారు. చూపుకు బాగుంటాయి. తలుపులు మూసిన ఆ పెట్టెలో రిసీవర్ పెట్టడం మాత్రం దాని ఆయుష్షు తగ్గించడమే.

2018 ఆగస్టులో హైదరాబాద్‌లో ఐకియా ఫర్నిచర్ దుకాణం తెరిచాక ఇక్కడి సంగీత ప్రియుల ఇళ్లలోకి కూడా ల్యాక్ బల్లలు, కాలాక్స్ గడుల అరలు వచ్చేశాయి. వీటి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చవకలో మంచి ప్రత్యామ్నాయాలని చాలామంది కొంటున్నారు. 55 సెంటీమీటర్ల చదరపు ల్యాక్ బల్ల పైపలక లోపల గట్టి చెక్క ఉండదు. తేనెపట్టు ఆకారంలో మడిచిన కాగితం ఉంటుంది. తేలికగా, బిగువుగా ఉండడం దాని గుణం. కంపెనీ చెప్పే పరిమితి 25 కిలోలు. స్ప్రింగుల మీద తేలే టర్న్‌టేబుల్ ఒక్కటే దాని మీద పెడితే నిజంగానే బాగా పనిచేస్తుంది. రెండు మూడు బల్లలను ఒకదాని మీద ఒకటి పేర్చి ర్యాక్‌గా వాడడాన్ని నేను సమర్థించను. కాళ్లను పట్టి ఉంచేది ఒక్కో మర మాత్రమే, పక్కకు తోపును ఆపేది ఏదీ లేదు.

కాలాక్స్ గడి లోపలి కొలత 33 సెంటీమీటర్లు. ఎల్పీ రికార్డు అట్ట 31 సెంటీమీటర్లు దాటుతుంది కాబట్టి రికార్డులకు అతికినట్లు సరిపోతుంది. యాంప్లిఫయర్లు మాత్రం అందులో పట్టవు, పైన పెట్టాల్సిందే. ఒక్కో అర మోయగలదని కంపెనీ చెప్పేది 13 కిలోలు. అట్టతో కలిపి ఎల్పీ పావు కిలోకు అటూ ఇటూ తూగుతుంది, గడి నిండా 80 దాకా పడతాయి. అంటే 20 కిలోలు. గడులు సగానికి కొంచెం పైగా నింపి, మిగతా చోటు పుస్తకాలకో బొమ్మలకో వదిలేయడం మంచిది. గోడకు బిగించే క్లిప్పులు పెట్టెలోనే ఇస్తారు, వాటిని పారేయకండి.

గాజు అరల ఆడియో స్టాండ్లు ఒకప్పుడు బాగా అమ్ముడయ్యాయి, ఇప్పటికీ దొరుకుతున్నాయి. 8, 10 మిల్లీమీటర్ల టెంపర్డ్ గాజు బరువు బాగానే మోస్తుంది. గొట్టం కాళ్లతో గట్టిగా బిగిస్తే ఊగదు కూడా. కానీ గాజు మోగుతుంది. తట్టి చూస్తే మీకే తెలుస్తుంది. టర్న్‌టేబుల్‌కు వద్దు. మిగతా పరికరాలకు పెట్టుకోవచ్చు, కాకపోతే అంచుకు లోహం తగిలితే టెంపర్డ్ గాజు ఒక్కసారిగా ముక్కలైపోతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో నేను పెట్టను.

ఇటలీ, బ్రిటన్ నుంచి వచ్చే ఆడియో ర్యాక్‌లు, ఉదాహరణకు సాలిడ్‌స్టీల్, క్వాడ్రాస్పైర్, అటకామా వంటివి, నిజంగా బాగా ఆలోచించి చేసినవే. వాటిలో నాకు నచ్చే గుణం అరలు ఒక్కొక్కటీ విడిగా పేర్చుకునే వీలు. రేపు ఒక పరికరం పెరిగితే ఒక అర కలుపుకోవచ్చు. అయితే దిగుమతి సుంకం, రవాణా కలిసేసరికి ర్యాక్ ధర మంచి స్పీకర్ల జత ధరను అందుకుంటుంది. సిస్టమ్ మొత్తం ఆ స్థాయిలో ఉండి, ఇంట్లో అది అందరి కళ్లముందూ ఉండేదైతే తీసుకోండి. గట్టిదనం ఒక్కటే కావాలంటే అంత పెట్టనవసరం లేదు, వెల్డింగ్ షాపులో దొరుకుతుంది. ఆ సంగతి కిందకు వస్తుంది.

సర్వర్లకు, సీసీటీవీ రికార్డర్లకు వాడే 19 అంగుళాల ర్యాక్ గురించి తరచుగా అడుగుతారు. ఇది ప్రమాణాల ప్రకారం తయారయ్యే సరుకు. ముందు పలక వెడల్పు 482.6 మిల్లీమీటర్లు, ఎత్తు యూనిట్లలో కొలుస్తారు, ఒక యూనిట్ 44.45 మిల్లీమీటర్లు. నాలుగు నిలువులు, వెల్డింగ్ చేసిన ఉక్కు చట్రం ఉంటాయి, గట్టిదనానికి లోటు లేదు. చిక్కు ఎక్కడంటే ఇంట్లో వాడే యాంప్లిఫయర్లకు ర్యాక్‌కు బిగించే చెవులు ఉండవు. ట్రేలు కొని వాటి మీద పెట్టాలి. ముందు రెండు నిలువులకే బిగించే ట్రే బరువుకు తల దించుతుంది. నాలుగు వైపులా బిగించేదే అడగండి. హోమ్ థియేటర్ గది ప్రత్యేకంగా ఉండి, పరికరాలన్నీ ఒక మూలకో పక్క గదికో పంపాలనుకునే వారికి దీన్ని మించింది లేదు. పై కప్పులో ఫ్యాన్లు పెట్టుకోవచ్చు, తీగలు వెనుక పద్ధతిగా కట్టుకోవచ్చు. టర్న్‌టేబుల్‌కు మాత్రం వేరే చోటు చూడాలి.

పుస్తకాల దుకాణాల్లో, గోదాముల్లో కనిపించే రంధ్రాల యాంగిల్ ర్యాక్ అన్నిటికంటే చవక. సికింద్రాబాద్ రాణిగంజ్ వంటి హార్డ్‌వేర్ బజార్లలో కావలసిన కొలతకు కోసిస్తారు. దీనికి మూడు షరతులు. మూలల్లో త్రికోణపు పలకలు ప్రతి అరకూ వేయించాలి. వెనుక ఏటవాలు పట్టీలు రెండు అడ్డంగా బిగించాలి. పల్చటి రేకు అరల మీద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పరచాలి, లేకపోతే బేస్ స్వరాలకు రేకు కూడా వంత పాడుతుంది. ఇవన్నీ చేశాక నిజంగా గట్టి ర్యాకే. హాల్లో పెట్టడానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటారా అన్నది వేరే సంగతి.

చేయించుకుంటే

వడ్రంగి చేత చేయించుకునే వారు చెక్క పేరు కంటే ముందు పని పద్ధతి మాట్లాడుకోవాలి. బీడబ్ల్యూఆర్ రకం (మరిగే నీటిని తట్టుకునే) ప్లైవుడ్ తీసుకుంటే భారత ప్రమాణం ఐఎస్ 303 ముద్ర, మెరైన్ ప్లైవుడ్ అయితే ఐఎస్ 710 ముద్ర పలక మీద ఉంటుంది. ఇంటి లోపల ర్యాక్‌కు మొదటిది చాలు. 8 అడుగులకు 4 అడుగుల పలక ఒకటి తెస్తే మూడు అరలు, రెండు పక్కలు, వెనుక పట్టీలు అన్నీ అందులోనే వస్తాయి. అరలను పక్కపలకలకు కేవలం మేకులతో కొట్టనివ్వకండి. పక్కపలకలో గాడి తీసి, అరను అందులో కూర్చోబెట్టి, ఫెవికాల్ పెట్టి మరలు బిగించాలి. వెనుక భాగం పూర్తిగా మూసేయకుండా, ప్రతి అర కింద 10 సెంటీమీటర్ల పట్టీ నిలువుగా నిలబెట్టి బిగిస్తే ఒకే దెబ్బకు మూడు పనులు జరుగుతాయి: అర వంగదు, చట్రం ఊగదు, గాలీ తీగలూ వెళ్లడానికి దారి మిగులుతుంది. సన్‌మైకా ఒక్క పైవైపే అంటిస్తే పలక వంకర పోయే అవకాశం ఉంది, కింద కూడా ఏదో ఒక పల్చటి షీటు అంటించమనండి.

టేకు దొరికితే సంతోషమే. చెదల భయం తక్కువ, ఏళ్లు గడిచినా అతుకులు బిగువుగా ఉంటాయి. పాత ఇల్లు విప్పినప్పుడు వచ్చిన టేకు దూలాలు, తలుపు చెక్కలు ఎండి ఎండి కదలిక మానేసినవి. పచ్చి టేకు కంటే అవే మేలు. ఆరని చెక్కతో చేసిన ర్యాక్ మొదటి వేసవికే నెర్రెలు విచ్చుకుంటుంది.

నాకు అన్నిటికంటే నచ్చేది వెల్డింగ్ చట్రం మీద చెక్క అరలు. విజయవాడ, విశాఖ ఆటోనగర్‌లలోనే కాదు, ఏ పట్టణంలోనైనా ఇది చేసే షాపు ఉంటుంది, కాగితం మీద బొమ్మ గీసిస్తే చాలు. అరలు 60 సెంటీమీటర్లకు 45, ఎత్తు 65, మూడు అంతస్తులు అనుకోండి. 25 మిల్లీమీటర్ల చదరపు పైపు, 1.6 మిల్లీమీటర్ల గోడ మందం ఉన్నది తీసుకుంటే మొత్తం దాదాపు 9 మీటర్లు పడుతుంది. 20 అడుగుల పైపు ఒకటిన్నర సరిపోతుంది. చట్రం బరువు 10 కిలోల దగ్గర ఉంటుంది. ముందొక పైపు, వెనుకొక పైపు కలిసి 60 సెంటీమీటర్ల దూరంలో 20 కిలోలకు 0.2 మిల్లీమీటర్లు కూడా వంగవు. ఇందాక చెప్పిన ఎండీఎఫ్ అరతో పోల్చి చూడండి.

షాపులో దగ్గరుండి చూసుకోవాల్సిన విషయాలు కొన్ని ఉన్నాయి. ముందు నాలుగు మూలలూ చుక్క వెల్డింగ్‌తో నిలబెట్టి, ఎదురెదురు మూలల మధ్య టేపుతో కర్ణాలు కొలవమనండి. రెండూ సమానంగా వచ్చాకే పూర్తి వెల్డింగ్ వేయాలి. వేడికి పైపు లాగేస్తుంది కాబట్టి ఒక మూల మొత్తం ఒకేసారి పూర్తి చేయకుండా మూలలు మార్చి మార్చి వేయాలి. పైన పేరుకున్న నల్లటి పెచ్చును సుత్తితో రాల్చి, గ్రైండర్ పట్టించి, ఆ తర్వాతే రెడ్ ఆక్సైడ్ పూయాలి. పెచ్చు మీదే రంగు వేస్తే ఏడాది తిరక్కుండా అక్కడి నుంచి తుప్పు మొదలవుతుంది. సముద్రపు గాలి తగిలే కాకినాడ, విశాఖ ఇళ్లలో పౌడర్ కోటింగ్‌కు పంపడం మంచి ఖర్చు. నిలువు పైపుల్లో బాగా ఎండబెట్టిన సన్న ఇసుక నింపి మూతలు వేయిస్తే చట్రం మోగదు. తడి ఇసుక నింపితే లోపలి నుంచే తుప్పు పడుతుంది. అడుగున ఒక్కో కాలికి నట్టు వెల్డ్ చేయించి ఎత్తు సవరించే మరలు పెట్టించండి.

అరలను చట్రానికి బిగించాల్సిన పని లేదు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకను చట్రం మీద నాలుగు రబ్బరు బిళ్లల మీద కూర్చోబెడితే చాలు. పైఅరకు గ్రానైట్ వేయాలా అని చాలామందికి సందేహం. 60కి 45 కొలతలో 18 మిల్లీమీటర్ల గ్రానైట్ పలక 13 కిలోల వరకు ఉంటుంది, అదే కొలత ప్లైవుడ్ మూడు కిలోల చిల్లర. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 లాంటి బరువైన, స్ప్రింగుల తేలుడు లేని టర్న్‌టేబుల్‌కు ఆ బరువు మేలే చేస్తుంది, రాయి కింద మెత్తటి రబ్బరు ఉంటే ఇంకా నయం. లిన్ సోండెక్ ఎల్పీ12 వంటి స్ప్రింగుల టర్న్‌టేబుల్‌కు కావలసింది దీనికి సరిగ్గా ఎదురు. తేలికైన, బిగువైన అర కావాలి. ఈ రెండు టర్న్‌టేబుళ్లూ 1970ల మొదట్లోనే మార్కెట్లోకి వచ్చాయి, రెండూ ఈనాటికీ తయారవుతున్నాయి, వాటి కింద ఉండాల్సిన బల్ల విషయంలో మాత్రం దారులు వేరు. మీ టర్న్‌టేబుల్ ఏ కోవకు చెందుతుందో తెలుసుకోకుండా రాయి కొనకండి.

గోడ అర, గూడు, కడప బండ

పాత ఇళ్లలో గోడలోనే గూళ్లు, కడప బండతో అరలు ఉండేవి. ఇప్పటికీ చాలా ఇళ్లలో వంటగదిలోనో పడకగదిలోనో ఉన్నాయి. తొమ్మిది అంగుళాల ఇటుక గోడలో మూడు వైపులా దిగి ఉన్న కడప బండ మీద టర్న్‌టేబుల్ పెట్టగలిగితే అంతకంటే కదలని చోటు ఇంకొకటి ఉండదు. లోతు 40 సెంటీమీటర్లు ఉందో లేదో, మూత పూర్తిగా తెరుచుకుంటుందో లేదో ముందు కొలవండి. యాంప్లిఫయర్‌ను మాత్రం ఆ గూట్లో పెట్టకండి. వెనుకా పక్కలా గోడే, వేడి వెళ్లే దారి లేదు.

కొత్తగా గోడ బ్రాకెట్ బిగించేవారు ఆ గోడ దేనితో కట్టారో తెలుసుకోవాలి. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ టర్న్‌టేబుల్ బరువు మోస్తుంది, డ్రిల్ రంధ్రం ఇటుకలో పడాలి తప్ప సందులోని సిమెంటులో కాదు. కొత్త ఫ్లాట్లలో తెల్లటి తేలిక బ్లాకుల గోడలు ఎక్కువ. వాటిలో మామూలు ప్లాస్టిక్ ప్లగ్గులు పట్టు వదిలేస్తాయి, ఆ బ్లాకుల కోసమే చేసిన పొడవాటి యాంకర్లు అడిగి తెచ్చుకోండి. స్పీకర్లు ఆనుకున్న గోడకే బ్రాకెట్ పెట్టకూడదు. అద్దె ఇల్లు అయితే యజమానితో మాట్లాడకుండా ఆ ఆలోచనే వద్దు.

వేడి

మన వేసవిలో గదే 38 డిగ్రీలు ఉన్నప్పుడు యాంప్లిఫయర్ లోపల ఎంత ఉంటుందో ఊహించండి. లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు దాదాపు సగమవుతుందని ఇంజినీర్లు వాడే మోటు లెక్క. కాబట్టి రిసీవర్ పైన కనీసం 10 సెంటీమీటర్లు, పక్కల 5 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి. వాల్వు యాంప్లిఫయర్‌కు పైన అర అసలే వద్దు. నాలుగు ఈఎల్34 వాల్వుల్లో హీటర్లు ఒక్కటే 38 వాట్ల దాకా తీసుకుంటాయి, మిగతా వేడి దానికి అదనం. అది పైఅరలో, తెరిచిన చోట ఉండాలి. టర్న్‌టేబుల్, వాల్వు యాంప్లిఫయర్ రెండూ పైఅరే అడిగితే ఇందాక చెప్పినట్లు రెండు పొట్టి ర్యాక్‌లే జవాబు.

బరువైన యాంప్లిఫయర్ కింది అరలో ఉంటే చట్రానికి నిలకడ వస్తుంది. దానివల్ల ఇంకో లాభం కూడా ఉంది. కార్ట్రిడ్జ్‌లలో రెండు రకాలున్నాయి. మూవింగ్ మాగ్నెట్ రకం ఇచ్చేది దాదాపు 5 మిల్లీవోల్టులు, మూవింగ్ కాయిల్ అయితే అందులో పదో వంతు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరగా ఉంటే ఆ చిన్న సంకేతంలో గుయ్యిమనే శబ్దం చేరుతుంది. యాంప్లిఫయర్‌కూ టర్న్‌టేబుల్‌కూ మధ్య ఒక అర ఖాళీ వదిలినా, సీడీ ప్లేయర్ పెట్టినా చాలు. స్పీకర్లను మాత్రం ఏ పరిస్థితిలోనూ టర్న్‌టేబుల్ ఉన్న ర్యాక్ మీద పెట్టకండి. చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లయినా సరే.

ఇంతకూ ఏది?

అద్దె ఇంట్లో ఉంటూ, రెండేళ్లకోసారి సామాను మార్చేవారైతే విప్పి బిగించుకునే యాంగిల్ ర్యాక్ లేదా లోహపు కాళ్ల టీవీ యూనిట్ చాలు. ఒక స్ట్రీమర్, ఒక చిన్న యాంప్లిఫయర్ ఉన్నవారు కొత్త ర్యాక్ కొనాల్సిన అవసరమే లేదు, ఉన్న బల్లకు వెనుక రంధ్రం చేయించుకుంటే సరి. హోమ్ థియేటర్ గది కట్టుకుంటున్నవారు 19 అంగుళాల ర్యాక్ వైపు వెళ్లండి. రికార్డులు వినేవారు, సొంత ఇంట్లో స్థిరపడినవారు వెల్డింగ్ చట్రం చేయించుకోండి. దానికి పెట్టే ఖర్చు దిగుమతి ర్యాక్ ముందు చాలా చిన్నది, పనితనం ఏమీ తక్కువ కాదు. చెక్క ఇళ్లలో ఉండే ప్రవాసులకు టర్న్‌టేబుల్ వరకు గోడ బ్రాకెట్, మిగతావాటికి ఏదైనా ఫర్వాలేదు.

ర్యాక్ ఇంటికి వచ్చాక ఖాళీగా ఉన్నప్పుడే రసమట్టం పెట్టి పొడవునా, లోతునా రెండు దిక్కుల్లో మట్టం చూడండి. పరికరాలన్నీ పెట్టాక మళ్లీ చూడండి, బరువుకు తేడా వస్తుంది. పిల్లలు ఎక్కే వయసులో ఉంటే వెనుక నుంచి ఒక ఎల్ పట్టీతో గోడకు కట్టేయండి. టర్న్‌టేబుల్ ఉన్నవారు చివరగా ఇది చేయాలి. మోటారు ఆపి, తిరగని రికార్డు మీద సూదిని దించండి. శబ్దాన్ని సున్నా నుంచి మెల్లగా, మీరు రోజూ వినే స్థాయి వరకు పెంచండి. మధ్యలో ఎక్కడైనా బేస్ హోరు దానంతట అదే పెరగడం మొదలైతే వెంటనే తగ్గించేయాలి, అది స్పీకర్ శబ్దం ర్యాక్ ద్వారానో గాలి ద్వారానో సూదికి తిరిగి చేరుతోందనడానికి గుర్తు. హోరు లేకపోతే వేలి కణుపుతో అర అంచును తట్టండి. పొడిగా చిన్న టక్కు వినిపించి ఆగిపోతే ర్యాక్ బాగున్నట్లే. బుమ్మని సాగితే ముందు టర్న్‌టేబుల్ మూత తీసేసి చూడండి, తర్వాత అర కింద రబ్బరు బిళ్లలు మార్చండి, ఆ తర్వాత స్పీకర్లను ర్యాక్‌కు దూరం జరపండి. ఈ వరసలోనే చేయండి, ఎందుకంటే మొదటి రెండింటికీ దాదాపు ఖర్చు లేదు.